షట్టరు స్ప్రింగు బిగువు సరిచేసుకునే పద్ధతి

శ్రీకాకుళంలో జి.టి. రోడ్డు దుకాణాలు తెరిచే వేళ నిలబడి వింటే, ఏ షట్టరు తేలికగా లేస్తోందో, ఏది యజమాని నడుము మీదకు తెస్తోందో చప్పుడును బట్టే తెలిసిపోతుంది. ఎత్తడానికి ఇద్దరు కావలసి వస్తున్నా, సగంలో వదిలితే ధడాలున జారిపడుతున్నా స్ప్రింగు వదులైందని అర్థం. కిందికి లాగితే దిగక, చెయ్యి తీయగానే పైకి ఎగిరిపోతుంటే బిగువు ఎక్కువైందని అర్థం. చేత్తో ఎత్తి దించే మామూలు షట్టర్లకే ఈ పద్ధతి వర్తిస్తుంది. గొలుసుతోనో మోటారుతోనో నడిచేవాటి జోలికి మనం పోకూడదు.

పైన రేకు పెట్టెలో కనిపించే పైపు తిరగదు. దాని రెండు కొసలూ గోడ బ్రాకెట్లలో యూ క్లాంపులతో, అంటే U ఆకారపు బిగింపులతో, బిగించి ఉంటాయి. ఆ పైపు మీద ఉన్న స్ప్రింగుల ఒక కొస పైపుకూ, రెండో కొస పట్టీలను (షట్టరుగా అల్లిన అడ్డ రేకులను) చుట్టుకునే పుల్లీలకూ తగిలించి ఉంటుంది. షట్టరు దిగేకొద్దీ స్ప్రింగులు మెలిపడి బలం కూడగట్టుకుంటాయి, ఎత్తేటప్పుడు ఆ బలాన్నే మనకు తిరిగి ఇస్తాయి. 1.25 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకే దాదాపు 10 కిలోలు తూగుతుంది కనుక, ఎనిమిది అడుగుల షట్టరును ఒక్క మనిషి ఎత్తగలుగుతున్నాడంటే అది పూర్తిగా స్ప్రింగుల చలవే.

అయితే బరువెక్కిన ప్రతి షట్టరుకూ స్ప్రింగే కారణం కాదు. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి గైడులు, అంటే పట్టీల కొసలు జారే పక్క గాడులు, లోపల తుప్పు పొరలు కట్టి పట్టీలను పట్టేస్తాయి. గడప దగ్గర ఎర్రటి పొడి రాలి ఉంటే ముందు అనుమానించవలసింది గైడులనే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటిలాంటి గాలికి పట్టీలు లోపలికి వంగినా, ఎత్తేటప్పుడు అదే బరువు తగులుతుంది. కాబట్టి ముందు గైడులను తీగ బ్రష్షుతో గీకి, పొడి గుడ్డతో తుడవండి. గ్రీజు మాత్రం పూయవద్దు, దుమ్ము అంటుకుని వారంలోనే ముద్ద కడుతుంది. తరువాత షట్టరును నడుము ఎత్తుకు లేపి, మెల్లగా చెయ్యి వదులు చేసి చూడండి. అది అక్కడే నిలిస్తే స్ప్రింగును ముట్టుకోవలసిన పని లేదు.

సర్దవలసిందేనని తేలితే, షట్టరును పూర్తిగా పైకి ఎత్తాకే పని మొదలుపెట్టాలి. స్ప్రింగులో బలం అతి తక్కువగా ఉండేది ఆ స్థితిలోనే. కింది పట్టీ జారకుండా రెండు గైడులకూ దాని అడుగున గట్టి క్లాంపులు బిగించి, పైన తాడుతో కూడా కట్టండి. రెండు నిచ్చెనలు, ఇద్దరు మనుషులు, 24 అంగుళాల పైపు రెంచీలు రెండు, యూ క్లాంపు నట్లకు సరిపడే పానా, ఒక సుద్దముక్క కావాలి. రేకు పెట్టె విప్పి, పైపు మీదుగా బ్రాకెట్ మీదికి ఒకే సుద్దగీత గీయండి. ఎంత తిప్పామో చెప్పేది ఆ గీతే.

ఇక్కడ ఒక్క నియమం తప్పకూడదు: రెంచీ పైపును కరచి పట్టి, దాని పిడి ఒక మనిషి చేతిలో బిగిసి ఉన్న తరువాతే యూ క్లాంపులు వదులు చేయాలి. మా దుకాణంలో పనికి వచ్చిన మేస్త్రీ ఒకసారి ముందు నట్లు విప్పాడు. పైపు ఒక్కసారిగా వెనక్కి గిర్రున తిరిగింది, ఏ క్లాంపూ వేయని షట్టరు సగం దాకా ఊడిపడింది, గడప మీద నిచ్చెన పట్టుకుని ఉన్న మా తమ్ముడి వేళ్లు బెత్తెడు దూరంలో తప్పించుకున్నాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

పట్టీలు పైకి చుట్టుకునేటప్పుడు చుట్ట ఏ వైపు తిరుగుతుందో, పైపును అదే వైపు తిప్పితే బిగువు పెరుగుతుంది. వెనక్కి పోనిస్తే తగ్గుతుంది. ఒకరు పావుచుట్టు తిప్పి పట్టుకున్నాక రెండోవారు రెండో రెంచీతో పట్టు తీసుకోవాలి, అప్పుడే మొదటిది వదలాలి. రెంచీ పిడి తిరిగే దారిలో తల గాని, మోచెయ్యి గాని ఉండకూడదు. పావుచుట్టు కాగానే యూ క్లాంపులు పూర్తిగా బిగించి, కింది క్లాంపులు, తాడు తీసి షట్టరును దించి చూడండి. చాలకపోతే మళ్లీ మొదటి నుంచి అదే వరుసలో ఇంకో పావుచుట్టు. ఒకేసారి రెండు చుట్లు బిగించి పని ముగించాలనే తొందర వల్లనే షట్టర్లు పైకి ఎగిరి రేకు పెట్టెను కొట్టుకుంటాయి.

పైన తేలికగా ఉండి కిందికి వచ్చేసరికి బరువెక్కుతున్నా, ఒక పక్క ముందు లేచి రెండో పక్క గైడులో ఇరుక్కుంటున్నా, బహుశా ఒక స్ప్రింగు విరిగి ఉంటుంది. దానికి బిగువు పెంచడం మందు కాదు, మిగిలిన స్ప్రింగు మీద భారం పెరిగి అదీ తెగుతుంది. అటువంటప్పుడు అనుభవమున్న మేస్త్రీని పిలిచి, రెండు స్ప్రింగులూ ఒకేసారి మార్పించండి.

అంతా సరిపడ్డాక పాత గీత తుడిచి, కొత్త స్థానంలో మరో సుద్దగీత గీసి ఉంచండి. వారం తరువాత నిచ్చెన వేసుకుని చూసినప్పుడు పైపు మీది గీత, బ్రాకెట్ మీది గీత ఒకదానికొకటి జరిగి కనిపిస్తే యూ క్లాంపు పట్టు చాలడం లేదు. షట్టరును మళ్లీ పైకెత్తి కట్టి, రెంచీతో పైపును పట్టుకున్నాకే ఆ నట్లు బిగించాలి.