రద్దయిపోయిన స్కాట్లాండ్ నియోజకవర్గం ఎన్నికల చరిత్రను సొంతంగా రాసుకోవడం ఎలా?

కిన్‌రాస్ అండ్ వెస్టర్న్ పెర్త్‌షైర్ అని స్కాట్లాండ్‌లో ఒక పార్లమెంటు సీటు ఉండేది. 1918లో పుట్టింది, 1983లో పోయింది. 65 ఏళ్లలో ఎంపీలు ఆరుగురే. మొదటాయన లిబరల్, మిగతా ఐదుగురూ కన్సర్వేటివ్ వైపు వాళ్లు. జాబితా చూసి "ఓహో, కంచుకోట" అనుకుని పక్కన పెట్టేస్తాం. నేనూ అలాగే పెట్టేశాను. తర్వాత ఒక్కో ఎన్నికనూ విడిగా రాసుకుంటూ పోతే తెలిసింది, ఎంపీల జాబితా కంటే పెద్ద అబద్ధం ఇంకొకటి ఉండదని. అంకెలంటే ఇష్టం ఉండి, ఇలాంటి పాత సీటు ఒకటి పట్టుకుని కూర్చోవాలనుకునేవాళ్ల కోసం ఈ పద్ధతి. ఉదాహరణగా ఈ సీటునే తీసుకుంటున్నాను.

1. ముందు సీటు జాతకం రాయండి

పేరు, మొదలైన ఏడాది, ముగిసిన ఏడాది, లోపల ఏయే ప్రాంతాలున్నాయి అన్నవి పైన రాసుకోండి. మన సీటులో మొత్తం కిన్‌రాస్ కౌంటీ, పెర్త్ కౌంటీలో పడమటి భాగం ఉండేవి. క్రీఫ్, కాలండర్, ఆబర్‌ఫెల్డీ లాంటి చిన్న ఊళ్లు, చుట్టూ కొండలు, గొర్రెలు, పెద్ద పెద్ద ఎస్టేట్లు. 1918కి ముందు ఇదే నేల రెండు వేర్వేరు సీట్ల కింద ఉండేది కాబట్టి, అంతకు ముందు ఫలితాలను తెచ్చి ఇదే పట్టికలో అతికించకండి.

"కౌంటీ" నియోజకవర్గం అంటే పల్లెటూళ్లు ఎక్కువగా ఉన్నది, "బరో" అంటే పట్టణానిది. పేరులో మాత్రమే తేడా కాదు, అభ్యర్థి పెట్టుకోగలిగే ఖర్చు పరిమితి కూడా రెండింటికీ వేరు.

2. ఎంపీలకు కాదు, ఎన్నికలకు ఒక్కో వరుస

ఎక్సెల్ అయినా సరే, గళ్ల పుస్తకం అయినా సరే. ఎన్నికకు ఒక వరుస: తేదీ, ప్రతి అభ్యర్థి పేరు, పార్టీ, ఓట్లు, మొత్తం ఓటర్లు. ఈ సీటుకు 18 సాధారణ ఎన్నికలు, 2 ఉప ఎన్నికలు, కలిపి 20 వరుసలు రావాలి. నాకు మొదటిసారి 19 వచ్చాయి. గంటసేపు వెతికితే తేలిందేమిటంటే 1974 అని ఒక్క వరుసే పెట్టాను, ఆ ఏడాది బ్రిటన్‌లో ఫిబ్రవరి 28న ఒకసారి, అక్టోబరు 10న ఇంకోసారి సాధారణ ఎన్నికలు జరిగాయి. ఫిబ్రవరిలో గెలిచిన ఎంపీ వేరు, అక్టోబరులో గెలిచిన ఎంపీ వేరు. ఏదో ఒకచోట అచ్చుతప్పు పడిందని వెబ్‌సైట్లను తిట్టుకున్నాను కూడా.

అంకెలు ఎక్కడ దొరుకుతాయంటే, 1832 నుంచి బ్రిటన్ ఫలితాలను సీటువారీగా సంపుటాలుగా కూర్చిన ఎఫ్.డబ్ల్యూ.ఎస్. క్రెయిగ్ పనితో మొదలుపెట్టండి. వికీపీడియాలో పాత సీట్ల పట్టికలు చాలా వరకు అక్కడి నుంచి వచ్చినవే. ఎంపీ సభలో ఏం మాట్లాడారో చూడటానికి హన్సార్డ్, అంటే బ్రిటన్ పార్లమెంటు చర్చల రికార్డు, ఆన్‌లైన్‌లో ఉచితం. స్థానిక సంగతులు కావాలంటే పెర్త్‌లోని ఏ.కె. బెల్ లైబ్రరీలో ఆ ప్రాంతపు ఆర్కైవ్ ఉంది.

3. పార్టీ పేరును ఉన్నది ఉన్నట్టు రాయండి

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. 1965 వరకు స్కాట్లాండ్‌లో కన్సర్వేటివ్ అనే పేరుతో కాకుండా "యూనియనిస్ట్" పేరుతో నిలబడేవాళ్లు, పార్లమెంటులో మాత్రం కన్సర్వేటివ్‌లతోనే కూర్చునేవాళ్లు. "నేషనల్ లిబరల్" అంటే ఇంకా తలనొప్పి. 1922లో ఆ పేరు ప్రధానిగా చేసిన లాయిడ్ జార్జ్ వర్గానిది, 1948 నుంచి ఆ పేరు 1931లో చీలిన జాన్ సైమన్ వర్గానిది, రెండూ ఒకటి కావు. మన మొదటి ఎంపీ జేమ్స్ గార్డినర్ లాయిడ్ జార్జ్ వైపు లిబరల్. కాబట్టి రెండు గళ్లు పెట్టుకోండి: ఒకదానిలో ఆ ఎన్నిక నాటి పేరు, పక్కన మీరు అర్థం చేసుకున్న పేరు.

4. ఓటు ఎవరికి ఉందో పక్కన రాయండి

1918లో మహిళల్లో 30 ఏళ్లు దాటినవాళ్లకే, అదీ షరతులతో. 1928 చట్టంతో మగవాళ్లతో సమానంగా 21కి దిగింది. 1969 చట్టంతో అందరికీ 18. ఓట్ల సంఖ్య అమాంతం పెరిగిన చోట పార్టీ గాలి అనుకునే ముందు ఈ మూడు గుర్తు తెచ్చుకోండి.

5. ఉప ఎన్నికల దగ్గర ఆగండి

అసలు సరుకు ఇక్కడే. సాధారణ ఎన్నికల్లో దేశమంతా వీచే గాలి ఇక్కడా వీస్తుంది. ఉప ఎన్నికలో ఆ ఊరివాళ్లను ప్రత్యేకంగా ఒక ప్రశ్న అడుగుతారు. అందుకే సాధారణ ఎన్నికకు రెండు లైన్ల నోట్స్ చాలు, ఉప ఎన్నికకు మాత్రం ఒక పేజీ వదలండి.

మొదటిది 1938 డిసెంబరు 21. అప్పటి ఎంపీ ఆథోల్ డచెస్, క్యాథరిన్ స్టూవర్ట్-ముర్రే. 1923లో గెలిచి స్కాట్లాండ్ నుంచి మొదటి మహిళా ఎంపీ అయ్యారు, తమాషా ఏమిటంటే అంతకు ముందు మహిళలకు ఓటు హక్కునే వ్యతిరేకించిన మనిషి. మనకు కూడా ఈమెతో ఒక లెక్క ఉంది: 1935 భారత ప్రభుత్వ చట్టం బిల్లు మన చేతికి మరీ ఎక్కువ అధికారం ఇస్తోందని సొంత పార్టీ విప్‌ను వదిలేసుకున్నవాళ్లలో, అంటే సభలో పార్టీ ఆదేశాలకు కట్టుబడనని పక్కకు జరిగినవాళ్లలో, ఈమె ఒకరు. ఆ చట్టం కిందే 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో మన తెలుగు జిల్లాలు ఓటేశాయి. అదే మనిషి స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన నిలబడి "ఎర్ర డచెస్" అనిపించుకున్నారు. హిట్లర్‌ను బుజ్జగించే ప్రధాని చేంబర్లేన్ విధానం మీద తిరగబడితే స్థానిక పార్టీ ఇంకొకరిని అభ్యర్థిగా చూసుకుంది. ఆమె సీటుకు రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా బరిలో దిగారు. లిబరల్ అభ్యర్థి పక్కకు తప్పుకున్నారు, పోలింగ్ రోజున మంచు దట్టంగా కురిసింది.

యూనియనిస్ట్ మెక్‌నైర్ స్నాడెన్‌కు 11,808, డచెస్‌కు 10,495. తేడా 1,313. పట్టికలో ఇది "యూనియనిస్ట్ నిలబెట్టుకుంది" అని ఒక్క ముక్కలో పోతుంది. ఆ తర్వాత తొమ్మిది నెలలు నిండకముందే యుద్ధం వచ్చిందని పక్కన రాసుకుంటే ఆ 1,313 వేరేగా కనిపిస్తుంది.

రెండోది 1963 నవంబరు 7. ఎంపీ గిల్మర్ లెబర్న్ ఆగస్టులో చనిపోయారు, జార్జ్ యంగర్‌ను అభ్యర్థిగా ఎంచుకున్నారు కూడా. ఇంతలో లండన్‌లో ప్రధాని మాక్‌మిలన్ దిగిపోయి లార్డ్ హోమ్ ప్రధాని అయ్యారు. లార్డు దిగువ సభ కామన్స్‌లో కూర్చోలేరు కదా, అదే ఏడాది వచ్చిన కొత్త చట్టం ప్రకారం అక్టోబరు 23న బిరుదు వదులుకుని సర్ అలెక్ డగ్లస్-హోమ్ అయ్యారు, యంగర్ ఆయన కోసం తప్పుకున్నారు. అంటే ఓ రెండు వారాల పాటు బ్రిటన్ ప్రధాని ఏ సభలోనూ సభ్యుడు కాదు. 1991లో పీవీ ప్రధాని అయ్యాక నంద్యాల ఉప ఎన్నికకు వచ్చిన సంగతి మనకు తెలుసు కాబట్టి ఇది వెంటనే అర్థమవుతుంది. కాకపోతే అక్కడ ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు, ఇక్కడ మాత్రం ప్రధాని మీద ఆరుగురు నిలబడ్డారు, వాళ్లలో విలియం రష్టన్ అనే హాస్యనటుడు ఒకడు.

6. ఇప్పుడు లెక్కలు

1963 వరుసనే చేసి చూద్దాం. హోమ్ 14,147, లిబరల్ 4,819, లేబర్ 3,752, ఎస్‌ఎన్‌పీ, అంటే స్కాటిష్ నేషనల్ పార్టీ, 1,801, మిగతా ముగ్గురికి 78, 45, 23. ఆ 45 రష్టన్‌వి. మొత్తం 24,665. హోమ్ ఓట్లను దానితో భాగించి వందతో గుణిస్తే 57.4 శాతం. మొదటి ఇద్దరి తేడా, అంటే మెజారిటీ, 9,328.

డిపాజిట్ కూడా చూడండి. 1985 వరకు అక్కడ పోలైన ఓట్లలో ఎనిమిదో వంతు రావాలి, అంటే ఇక్కడ సుమారు 3,083. లేబర్ ఒడ్డున పడింది, ఎస్‌ఎన్‌పీకి డిపాజిట్ గల్లంతు. ఈ మాట దగ్గర ఒక చుక్క పెట్టుకోండి, అవసరం పడుతుంది.

స్వింగ్, అంటే ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి ఓటు ఎంత మళ్లిందో, లెక్కించాలని చేతులు దురద పెడతాయి. ఒక పార్టీకి పెరిగిన శాతం, ఇంకో పార్టీకి తగ్గిన శాతం కలిపి సగం చేయడమే, పెద్ద విద్య ఏం కాదు. కానీ 1938కి చేయకండి. 1935లో పార్టీ అభ్యర్థిగా ఉన్న మనిషే 1938లో ఆ పార్టీకి ఎదురు నిలబడితే దేన్ని దేనితో పోలుస్తారు? ఆ గడిలో గీత పెట్టి వదిలేయండి.

7. మెజారిటీలను ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి

హోమ్ 1974 ఫిబ్రవరి వరకు గెలుస్తూ వచ్చారు, ఆ తర్వాత తప్పుకుని మళ్లీ ఎగువ సభ లార్డ్స్‌కు వెళ్లిపోయారు. అక్టోబరులో టికెట్ నికోలస్ ఫెయిర్‌బెయిర్న్‌కు. మాజీ ప్రధాని సీటు, కళ్లు మూసుకుని గెలుస్తారనుకుంటాం. మెజారిటీ 53. అవును, యాభై మూడే. రెండో స్థానంలో ఎవరో తెలుసా? పదకొండేళ్ల కింద డిపాజిట్ పోగొట్టుకున్న ఎస్‌ఎన్‌పీ. ఇందాక పెట్టుకున్న చుక్క దీనికోసమే. ఎంపీల జాబితాలో ఈ రెండు ఎన్నికలకూ రంగు ఒకటే, 9,328కీ 53కీ తేడా దానికి తెలియదు.

దీన్ని హోమ్ వ్యక్తిగత ఇమేజ్ పోయినందువల్ల అని మాత్రమే రాయకండి, ఆ అక్టోబరులో ఎస్‌ఎన్‌పీ స్కాట్లాండ్ మొత్తం మీద 11 సీట్లు గెలిచింది, పక్క సీటు పెర్త్ అండ్ ఈస్ట్ పెర్త్‌షైర్ కూడా వాటిలో ఉంది. పక్క సీట్లను కూడా చూడమనేది అందుకే.

8. సీటు పోయాక గీత గీయండి

1983 పునర్విభజనలో ఈ నేల ముక్కలైంది. కాలండర్ వైపు స్టెర్లింగ్ సీటులోకి వెళ్లింది, చాలా భాగం పెర్త్ అండ్ కిన్‌రాస్ అనే కొత్త సీటులో కలిసింది. ఫెయిర్‌బెయిర్న్ అక్కడికి మారి గెలిచారు. మనిషి అదే, పేరులో సగం అదే, కాబట్టి పాత పట్టికలోనే కొనసాగించాలనిపిస్తుంది. వద్దు, సరిహద్దులు మారాయి, ఓటర్లు మారారు. ఆయన 1995లో చనిపోతే మే 25న జరిగిన ఉప ఎన్నికలో ఎస్‌ఎన్‌పీ తరఫున రోజానా కనింగ్‌హామ్ గెలిచారు. ఆ వరుసను వేరే షీట్‌లో పెట్టుకోండి, దానికీ ఒక పేజీ వదలండి.