పాఠం 4: ఆశ వాక్యం చివర ఏ క్రియ ఉంది?

మూడో పాఠంలో పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు మీరు ఎదురుచూస్తున్నవి, కుడివైపు దేవుని గురించి మీరు నమ్మేవి రాసి, ఒకదానితో ఒకటి సరిచూడమన్నాను. రెండు చోట్ల బోల్తా పడ్డారు. ఎక్కువమంది కుడివైపు నమ్మకం రాయలేదు, ఎడమవైపు ఆశకు సరిగ్గా అతికే బైబిలు వచనం వెతికి పెట్టారు. వీసాకు ఒక వచనం, నీట్ ర్యాంకుకు ఒకటి, అమ్మకు డయాలిసిస్ తప్పడానికి ఒకటి. మిగతావాళ్లు ఎదురుదారి పట్టి, వచనం దొరకని ఆశ పాపమేమో అనుకుని కొట్టేశారు. కొట్టేసినవన్నీ మళ్లీ రాయండి. పొరపాటు నాది కూడా. సరిచూడమన్నాను గానీ దేన్ని పట్టుకుని సరిచూడాలో చెప్పలేదు. ప్రార్థన గురించిన పాఠం తర్వాత వస్తుంది, ముందు ఈ చిక్కు విప్పుదాం.

విశ్వాసానికీ నిరీక్షణకూ తేడా మొదటి పాఠంలో చూశాం, మళ్లీ అక్కడికి వెళ్లను. ఎడమవైపు రాసిన ప్రతి వాక్యంలో చివరి మాట కింద గీత గీయండి. తెలుగులో గుట్టంతా క్రియ చివరే ఉంటుంది. అమ్మ జబ్బు సంగతే తీసుకుంటే, వాక్యం ఈ నాలుగింటిలో ఒకలా ముగుస్తుంది: "బాగుచేస్తాడు", "బాగుచేయగలడు", "బాగుచేస్తే బాగుండు", "బాగుచేయాల్సిందే".

"గలడు" అనడానికి దేవుడెవరో తెలిస్తే చాలు. "తాడు" అనాలంటే ఆయన ఆ మాట ఇచ్చి ఉండాలి, ఇచ్చింది మీకో కాదో కూడా తేలాలి. "బాగుండు" అన్నది ఆశ. దానికి వచనం అక్కర్లేదు, అడగడానికి బిడ్డ అయితే చాలు. నాలుగోది విశ్వాసమూ కాదు, ఆశా కాదు, బేరం. ఇది పైకి కనబడదు. "ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉన్నాక కూడా..." అని మనసులో వాక్యం మొదలైతే దాని చివర "ఆల్సిందే" కూర్చుని ఉందని గుర్తుపట్టాలి.

జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే. "గలడు"తో మొదలుపెడతాం. పది రోజులు గట్టిగా ప్రార్థించేసరికి అది "తాడు" అవుతుంది. మధ్యలో దేవుడు కొత్తగా ఏమీ చెప్పలేదు, మన గొంతు పెరిగిందంతే. జరగనప్పుడు విశ్వాసం కూలిందని ఏడుస్తాం. కూలింది మనం కలిపిన క్రియ.

దానియేలు 3వ అధ్యాయంలో, తను నిలబెట్టిన ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుకు ముగ్గురు యువకులు ఇచ్చిన జవాబు చూడండి. 17వ వచనంలో తప్పించి రక్షించుటకు "సమర్థుడు" అన్నారు, అది గలడు. అక్కడే "రక్షించును" అని కూడా అన్నారు. అయితే 18లో "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అని జతచేశారు. ఆశను పూర్తి గొంతుతో చెప్పారు గానీ, తమ విధేయతను దాని మీద ఆనించలేదు. ఆ 18 లేకుండా 17 మాత్రమే గోడ మీద రాయించుకునేవాళ్లతోనే నా గొడవ.

ఇక అతికించే జబ్బు. మీ పట్టికల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడింది యిర్మీయా 29:11. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దాన కార్డుల్లో, క్యాలెండర్లలో, పెళ్లి శుభలేఖల్లో ఉండేదే: "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా". కార్డు జనవరి 1న ఇంటికి వస్తుంది కాబట్టి "రాబోవు కాలము" అంటే ఈ పన్నెండు నెలలే అని చదువుతాం. పైవచనం కార్డు మీద పట్టదు. ఆ పదో వచనంలో గడువు ఉంది: డెబ్బది సంవత్సరములు.

ఇది ఉత్తరంలోని మాట. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజు యెకొన్యానూ, అతనితోపాటు జనాన్నీ బబులోనుకు పట్టుకుపోయాక, యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త వాళ్లకు పంపాడు. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని చెప్పి, బబులోనుకు లొంగాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద ఉన్న కాడిని విరిచాడు. జనానికి కావలసిన మాట అదే. హనన్యా ఆ ఏడే చనిపోయాడు. ఉత్తరం మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అంటుంది. బబులోను పారసీక రాజు కోరెషు చేతిలో పడింది క్రీ.పూ. 539లో. ఉత్తరం అందేనాటికి నలభై ఏళ్లున్న మనిషి లెక్క వేసుకుంటే, తిరిగి వెళ్లేది తను కాదు, మనవలు. అతనికి 29:11 అబద్ధమయిందా? కాలేదు. కానీ "నేను వెళ్తాను" అని ఆశ పెట్టుకుని ఉంటే, ఆ ఆశకు ఆధారం యిర్మీయా కాదు, హనన్యా.

ఇదే వచనంలో తెలుగువాళ్లకు వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. "మీకు" అనగానే మర్యాద మాట అనుకుంటాం, ఒక్కరినే అన్నట్టు వినిపిస్తుంది. తెలుగు బైబిలు పాత అనువాదంలో మర్యాద బహువచనం లేదు. దానియేలు 3:18లో రాజునే "నీ దేవతలను" అంటారు. కాబట్టి దేవుడు "మీకు" అన్నాడంటే గుంపుతో మాట్లాడుతున్నట్టే. ఫిలిప్పీ 4:19లో "మీ ప్రతి అవసరమును" అన్నదీ ఒక సంఘంతో, అదీ పౌలుకు సహాయం పంపిన సంఘంతో. ఈ సూత్రం తిరగేస్తే పనిచేయదు సుమా: ద్వితీయోపదేశకాండము 28లో "నిన్ను తలగా నియమించును" అన్నచోట "నీవు" అంటే ఇశ్రాయేలు మొత్తం, పైగా ఆజ్ఞలు పాటిస్తేనన్న షరతు పక్కనే ఉంది. నేను పాత అనువాదమే వాడమనడానికి సగం కారణం ఈ మీ–నీ తేడాయే. మిగతా సగం అలవాటు.

వచనం పట్టికలో పెట్టేముందు ముందు పది, తర్వాత పది వచనాలు చదవండి. ఎవరితో, ఎప్పటికి, ఏ షరతుతో అన్న మూడింటికీ జవాబు రాసి అప్పుడు పెట్టండి. తొందరగా కావాలంటే పైవచనం ఒక్కటి చదివినా సగం తప్పులు అక్కడే పట్టుబడతాయి.

ఆశను మాటకు సరిపడా కత్తిరించుకోవడం ఎలాగో చూడాలంటే అపొస్తలుల కార్యములు 27కు మించిన అధ్యాయం నాకు తెలియదు. తుఫానులో చిక్కిన ఓడలో 276 మంది, వాళ్లలో ఖైదీగా పౌలు. 20వ వచనానికి తప్పించుకుంటామన్న ఆశ బొత్తిగా పోయింది. దేవదూత మాట విన్న పౌలు 22లో రెండు ముక్కలు విడదీసి చెప్పాడు: ప్రాణం ఒక్కటీ పోదు, ఓడ పోతుంది. "నేను దేవుని నమ్ముచున్నాను" అన్నది 25లో. వెంటనే 26లో, ఏదో ఒక ద్వీపం మీద కొట్టుకుంటాం అన్నాడు. మాట ఎంతవరకో ఆశా అంతవరకే, ఓడ మీదికి పాకలేదు. మాట ఉంది కదా అని చేతులు ముడుచుకోనూ లేదు. నావికులు ఇరవై బారలు, తర్వాత పదిహేను బారలు లోతు కొలిచి నాలుగు లంగరులు వేశారు. వాళ్లు పడవలో పారిపోబోతే, "వీరు ఓడలో ఉంటేనేగాని మీరు తప్పించుకోలేరు" అన్న భావంతో శతాధిపతిని, అంటే ఖైదీలను తీసుకెళ్తున్న సైన్యాధికారిని, హెచ్చరించాడు పౌలు. చివరికి కొందరు ఈది, కొందరు పలకల మీద ఒడ్డు చేరారు. ఓడ కూడా మిగులుతుందని ఆశపడినవాడు ఆ పలక మీద కూర్చుని దేవుడు మాట తప్పాడనేవాడు.

మీ పట్టికలో ప్రతి ఆశకూ ఇదే ప్రశ్న: ఇందులో ప్రాణమేది, ఓడ ఏది? వీసా ఓడ. "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను" (హెబ్రీ 13:5) ప్రాణం. ఓడ కోసం ప్రార్థించకూడదని కాదు, దాని క్రియ "బాగుండు" దగ్గరే ఆపాలి. అమ్మ ఆరోగ్యం దగ్గర ఇలా విడదీయడానికి చేయి రాదు. ఆ ఒక్క వరుసకు వారం తీసుకోండి, తొందర లేదు. పునరుత్థానం "తాడు" కిందికే వస్తుంది, డయాలిసిస్ ఆగడం "గలడు", "బాగుండు" రెండింటి కిందికీ వస్తుంది. రెండు వాక్యాలుగా రాయండి, ఒకే వాక్యంలో కుక్కకండి.

అభ్యాసం. అపొ. కార్యములు 27లోని 44 వచనాలూ చేత్తో రాయండి, ఫోటో తీసి దాచుకోవడం లెక్కలోకి రాదు. ప్రతి వచనం పక్కన, ఆ సమయానికి ఎవరు దేని మీద ఆశ పెట్టుకున్నారో ఒక మాట రాయండి: గాలి, శతాధిపతి నమ్మిన నావికుడు, పడవ, దూత మాట. ఆశ ఎన్ని చేతులు మారిందో లెక్కించండి. ఆ తర్వాత మీ పట్టికలో క్రియలన్నీ పెన్సిల్‌తో మార్చండి, పాతది చెరిపేయకుండా ఒక గీత కొట్టి పక్కన రాయండి. రెండు గంటలు పడుతుంది, ఒకే కూర్చోటంలో చేయనక్కర్లేదు.

అయిదో పాఠానికి రోమా 8:18–25 చదివి రండి. అక్కడ మూలిగేది ఎవరెవరో మాత్రం రాసి పెట్టుకోండి.