బ్రేక్ ఈవెన్ దాటినా నష్టమే వస్తోందా? ముందు ఇవి చూడండి

మీ లెక్కల షీట్ ప్రకారం బ్రేక్ ఈవెన్, అంటే లాభం నష్టం రెండూ లేని స్థాయి, చేరడానికి నెలకి 2,400 యూనిట్లు అమ్మితే చాలు. 3,000 అమ్మారు. అయినా నెలాఖరు లెక్కలో నష్టం. ఈ ప్రశ్న నా దగ్గరికి వచ్చినన్ని సార్లు ఇంకేదీ రాలేదు, వచ్చిన ప్రతిసారీ అనుమానం ఫార్ములా మీదే. ఫార్ములాలో ఏమీ లేదండీ, ఫిక్స్‌డ్ ఖర్చుని (అద్దె, జీతాల్లాగా అమ్మకం ఎంతున్నా మారనిది) యూనిట్ కాంట్రిబ్యూషన్‌తో భాగిస్తాం, అంతే. తేడా ఎప్పుడూ అందులో వేసిన అంకెల దగ్గరే ఉంటుంది. అమ్మకం ధరలోంచి వేరియబుల్ ఖర్చు (ముడిసరుకులాగా ఒక్కో యూనిట్‌తో పెరిగేది) పోగా మిగిలేదే కాంట్రిబ్యూషన్ అని మీకు తెలుసనుకుని రాస్తున్నాను.

సమస్య: అమ్మకాలు బ్రేక్ ఈవెన్ దాటాయి, లాభం మాత్రం లేదు

మొదట ఐదు నిమిషాల పని, దాదాపు అందరూ వదిలేసేది. షీట్‌లో వేసిన ధర నిజంగా మీ చేతికి వచ్చే ధరేనా? కస్టమర్ దగ్గర వసూలు చేసి కట్టేసే పన్ను మీది కాదు. డిస్కౌంటు, కమిషన్, వాపసు వచ్చిన సరుకు ఇవన్నీ పోవాలి. ధరల పట్టికలోని అంకె వేసేసి, చేతికొచ్చేది అంతకన్నా తక్కువని మరిచిపోయిన షీట్లు ఎన్ని చూశానో లెక్కలేదు. పోయిన నెల నికరంగా వచ్చిన మొత్తాన్ని అమ్మిన యూనిట్లతో భాగించండి, అసలు ధర అదే.

తర్వాత ఫిక్స్‌డ్ ఖర్చు. అమ్మకాలు నెలవి, ఖర్చులు కూడా నెలవేనా? ఏడాదికోసారి కట్టే బీమా, లైసెన్స్ ఫీజుల్లో పన్నెండో వంతు ప్రతి నెలా పడాలి. యజమాని తనకి జీతం వేసుకోకపోతే అది కూడా వేయండి, లేకపోతే మీ శ్రమకి విలువ సున్నా అని షీట్ చెబుతున్నట్టే.

ఈ రెండూ సరిగ్గానే ఉన్నాయా? అయితే నాకు చేతులు కాలిన చోటికి వద్దాం.

అసలు దొంగ: అమ్మకాల నిష్పత్తి మారిపోవడం

ఒకే రకం సరుకు అమ్మేవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు. రెండు రకాలున్నా సరే, మిగతావాళ్లు నిదానంగా చదవండి.

అ అనే రకం ధర 200, వేరియబుల్ ఖర్చు 80, మిగిలేది 120. ఆ అనే రకం ధర 150, ఖర్చు 120, మిగిలేది 30. నెలకి ఫిక్స్‌డ్ ఖర్చు 1,80,000. రెండూ సగం సగం అమ్ముడవుతాయనుకుంటే సగటు కాంట్రిబ్యూషన్ 75, బ్రేక్ ఈవెన్ 2,400 యూనిట్లు, డబ్బుల్లో చూస్తే 4,20,000 అమ్మకం. ఇక్కడిదాకా అంతా సరే.

ఇప్పుడు నెల తిరిగింది. మొత్తం 3,000 యూనిట్లు పోయాయి, కానీ అందులో అ రకం 900, ఆ రకం 2,100. అమ్మకం విలువ 4,95,000. యూనిట్ల లెక్కలో చూసినా, డబ్బుల లెక్కలో చూసినా గీత దాటేశాం. కాంట్రిబ్యూషన్ చూడండి: 1,08,000 కి 63,000 కలిపితే 1,71,000. తొమ్మిది వేల నష్టం. ఒక్క ఖర్చూ పెరగలేదు, ధరా తగ్గలేదు. నిష్పత్తి 3:7 కి జారింది కాబట్టి సగటు 75 నుంచి 57 కి పడిపోయింది, అసలు బ్రేక్ ఈవెన్ 3,158 యూనిట్లకి వెళ్లిపోయింది. మనం మాత్రం ఇంకా పాత 2,400 నే చూసుకుంటున్నాం.

కొన్నేళ్ల క్రితం ఒక తయారీ యూనిట్‌కి ఇలాంటి షీట్ నేనే వేసిచ్చాను. ఆరు నెలలు లెక్క చక్కగా సరిపోయింది. ఏడో నెల నుంచి అమ్మకాలు పెరుగుతున్నాయి, లాభం తరుగుతోంది. రెండు వారాలు ఖర్చుల బిల్లులన్నీ తిరగేశాను, ముడిసరుకు రేట్లు ఒక్కొక్కటే సరిచూశాను, దొంగతనం జరుగుతోందేమోనని స్టాక్ కూడా లెక్కపెట్టించాం. దాంతో స్టోర్‌లో పనిచేసేవాళ్లకి అనవసరపు టెన్షన్, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. చివరికి చూస్తే, నిష్పత్తి ఉండాల్సిన గడిలో మొదటి రోజు నేను చేత్తో టైప్ చేసిన 0.5 అలాగే కూర్చుని ఉంది. ఈలోపు సేల్స్ వాళ్లకి అమ్మకం విలువ మీద ఇన్సెంటివ్ పెట్టారు, వాళ్లు సహజంగానే తేలిగ్గా కదిలే చవక రకాన్ని తోస్తున్నారు.

ఏం చేయాలంటే, ఆ గడిలో చేత్తో ఏ అంకె వేయకండి. గత మూడు నెలల అసలు అమ్మకాల నుంచి నిష్పత్తి దానంతటదే వచ్చేలా పెట్టండి. రోజూ చూసే రిపోర్ట్‌లో మొత్తం యూనిట్ల పక్కన మొత్తం కాంట్రిబ్యూషన్ ఉండాలి, అది 1,80,000 దాటిందా లేదా అన్నదే ప్రశ్న. ఇన్సెంటివ్ ఇచ్చేటట్టయితే అమ్మకం విలువ మీద కాకుండా కాంట్రిబ్యూషన్ మీద ఇవ్వండి.

ఇది చదివి వెంటనే ఆ రకాన్ని ఆపేయాలనిపిస్తుంది. ఆగండి. ఆపేస్తే ఆ 63,000 కూడా పోతుంది, తొమ్మిది వేల నష్టం 72,000 అవుతుంది. ఆపిన చోట అ రకం అమ్మకం పెరుగుతుందని ఖాయంగా తెలిస్తే తప్ప ముట్టుకోవద్దు. పైగా మెషిన్ గంటలు చాలక సతమతమవుతున్న చోట లెక్క పూర్తిగా తిరగబడొచ్చు. అ రకం ఒక్కోదానికి 3 గంటలు, ఆ రకానికి అరగంట పడుతుందనుకోండి, గంటకి మిగిలేది అ రకంలో 40, ఆ రకంలో 60. అప్పుడు చవక రకమే మేలు. ఏది కొరతగా ఉందో, గంటలో, మనుషులో, ముడిసరుకో, దాని ఒక్కో యూనిట్‌కి ఎంత మిగులుతోందో చూశాకే ఏ రకాన్ని తోయాలో తేల్చండి.

సమస్య: ధర తగ్గించాం, అమ్మకం పెరిగింది, లాభం పడిపోయింది

పది శాతం తగ్గిస్తే పది శాతం ఎక్కువ అమ్మితే చాలనుకోవడమే కారణం. అ రకాన్ని 200 నుంచి 180 కి తెస్తే మిగిలేది 120 నుంచి 100 అవుతుంది, పాత లాభం నిలబడాలంటే 20 శాతం ఎక్కువ అమ్మాలి. అదే పది శాతం ఆ రకంలో తగ్గిస్తే 150 కాస్తా 135, మిగిలేది 30 నుంచి 15. అంటే అమ్మకం రెట్టింపు కావాలి. మార్జిన్ పలచగా ఉన్న సరుకు మీద డిస్కౌంటు ప్రకటించే ముందు ఈ ఒక్క భాగహారం చేయండి, దయచేసి.

సమస్య: మంచి ఆర్డర్ వచ్చింది, షీట్ వద్దంటోంది

యూనిట్ ఖర్చులో ఫిక్స్‌డ్ ఖర్చు వాటా కలిసిపోయి ఉంటుంది. అ రకానికి వేరియబుల్ 80, వాటా 60 వేసి మొత్తం ఖర్చు 140 అని రాసుకున్నారు, 110 కి అడిగిన ఆర్డర్‌ని తిప్పి పంపారు. మెషిన్లు ఖాళీగా ఉంటే ఆ ఆర్డర్ ఒక్కోదాని మీద 30 తెచ్చేది, ఎందుకంటే ఆ 60 ఆర్డర్ తీసుకున్నా తీసుకోకపోయినా కట్టాల్సిందే. పాత కస్టమర్లు అదే ధర అడగరని, అదనంగా కొత్త ఫిక్స్‌డ్ ఖర్చేదీ పడదని తేల్చుకున్నాకే ఒప్పుకోండి. రోజువారీ ధరగా మాత్రం దాన్ని ఎప్పుడూ పెట్టకండి.

సమస్య: ఒక స్థాయి దాకా షీట్ సరిపోతుంది, తర్వాత తప్పుతుంది

రెండో షిఫ్ట్ మొదలైంది, ఇంకో సూపర్‌వైజర్, ఇంకో గోడౌన్ వచ్చాయి. ఫిక్స్‌డ్ ఖర్చు మెట్టు ఎక్కింది. మెట్టు దాటాక కొత్త ఫిక్స్‌డ్ అంకెతో బ్రేక్ ఈవెన్ మళ్లీ కట్టండి. కరెంటు బిల్లు లాంటి, కొంత ఫిక్స్‌డ్, కొంత వేరియబుల్ అయిన ఖర్చులుంటే, ఉత్పత్తి బాగా ఎక్కువున్న నెల బిల్లులోంచి బాగా తక్కువున్న నెల బిల్లు తీసేసి, యూనిట్ల తేడాతో భాగిస్తే వేరియబుల్ భాగం వస్తుంది. సమ్మెలో, రిపేర్లో జరిగిన నెలల్ని అందులోకి తీసుకోవద్దు.

సమస్య: లాభం ఉంది, బ్యాంకులో డబ్బు లేదు

ఇది బ్రేక్ ఈవెన్ తప్పు కాదు. అప్పు అసలు వాయిదాలు, కస్టమర్ల దగ్గర ఆగిపోయిన బాకీలు ఈ లెక్కలో ఉండవు. ఫిక్స్‌డ్ ఖర్చులోంచి తరుగుదల (మెషిన్ల విలువ తగ్గిందని లెక్కలో రాసేది, చేతినుంచి డబ్బు పోదు) తీసేసి, వాయిదాలు కలిపి నగదు బ్రేక్ ఈవెన్ అని పక్కన ఇంకో అంకె పెట్టుకోండి.

పని నేర్చుకునే కొద్దీ ఖర్చు తగ్గడం, ఎక్కువ కొంటే ముడిసరుకు రేటు మారడం, ఖర్చుల గీత వంకర తిరగడం లాంటివి కూడా అడుగుతుంటారు. ఉంటాయి, కానీ పైవన్నీ చూసి, ఏదీ కాదని తేలాకే వాటి జోలికి వెళ్లండి.