చేప మేత ముట్టడం లేదా? ఎలా వద్దంటోందో చూడండి

ఇంట్లో తొట్టిలో పెంచే చేప తినడం మానేసిందని గమనించగానే చాలామంది మరో చిటికెడు మేత వేస్తారు. అదీ తినకపోతే ఇంకో రకం వేస్తారు. ఆ మేతంతా అడుగున చేరి, కుళ్లి, అమ్మోనియా అనే విషంగా మారుతుంది. అసలే నలతగా ఉన్న చేప ఆ నీళ్లలోనే ఊపిరి పీల్చుకోవాలి. అందుకే ఈ రోజుకు మేత ఆపేయండి. బాగా ఎదిగిన చేప వారం రోజులు ఉపవాసం ఉన్నా సాధారణంగా ప్రాణానికి ముప్పు ఉండదు. మనలా ఒంటి వేడి నిలుపుకోవడానికి అది శక్తి ఖర్చు పెట్టదు. ఈ మాట పెద్ద చేపలకే. చేప పిల్లలు అంత కాలం ఆగలేవు.

రేపు రెండే రెండు గింజలు వేసి, తొట్టి ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. మేత చూసి చేప దగ్గరకు వచ్చిందా? నోట పెట్టుకుందా? అటువైపే తిరగలేదా? కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

మేత వైపు తిరగదు, నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది

తొట్టిలో చేపలన్నీ ఇలాగే ఉంటే తప్పు నీళ్లదే. టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ చూడండి. రెండూ సున్నా ఉండాలి. కొత్తగా పెట్టిన తొట్టిలో వీటిని విరిచే బ్యాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోపు ఎక్కువ చేపలు వదిలితే ఇదే జరుగుతుంది. మూడో వంతు నుంచి సగం వరకు నీళ్లు మార్చండి. కొత్త నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు కలపాలి, వేడి కూడా పాత నీళ్లతో సమానంగా ఉండాలి. ఎయిర్ పంప్ ఆపకండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద మాత్రం కడగవద్దు, మేలు చేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండండి.

థర్మామీటర్ కూడా చూడండి. గప్పీ, బెట్టా, యాంజెల్ వంటి ఉష్ణమండల చేపలకు 24 నుంచి 27 డిగ్రీలు కావాలి. నీళ్లు చల్లబడితే వాటి జీర్ణశక్తీ, ఆకలీ మందగిస్తాయి. హీటర్ కాస్త కాస్తగా పెంచండి.

నోట పెట్టుకుంటుంది, వెంటనే ఉమ్మేస్తుంది

ఈ లక్షణం చూస్తే నాకు ధైర్యం వస్తుంది, ఎందుకంటే ఆ చేపకు ఆకలి ఉంది. అడ్డమేదో నోటి దగ్గరే ఉంది.

ముందు గింజ పరిమాణం చూడండి. చేప కన్నుకంటే పెద్దదైతే నలపండి, తొట్టి నీళ్లలో నానబెట్టి వేయండి. అప్పటికీ ఉమ్మేస్తుంటే టార్చి వేసి నోరు చూడాలి. మా గోల్డ్‌ఫిష్ ఒకటి రెండు రోజులు నోరు పూర్తిగా మూయలేదు. మేత దగ్గరకు ఆత్రంగా వచ్చేది, పెదవులతో తాకి వెనక్కి తగ్గేది. జబ్బనుకుని మందు కోసం వెతికాను. చివరికి టార్చి వెలుగులో చూస్తే గొంతులో అడ్డంగా తెల్లటి గులకరాయి. అడుగున గులకరాళ్లు నమిలి ఉమ్మడం గోల్డ్‌ఫిష్‌కు అలవాటు, ఒక్కోసారి ఒకటి ఇరుక్కుంటుంది. చేయి బాగా తడిపి, చేపను తల కాస్త కిందికి ఉండేలా పట్టుకుని, గొంతు కింద వేలితో మెల్లగా ముందుకు నెట్టాను. రాయి జారి పడింది. చేప అర నిమిషం మించి నీటి బయట ఉండకూడదు. ఒకసారికి రాకపోతే నీళ్లలో వదిలి, తేరుకున్నాక మళ్లీ ప్రయత్నించండి.

పెదవుల చుట్టూ దూది అంటినట్టు తెల్లగా ఉంటే చాలామంది బూజు అనుకుంటారు. ఎక్కువసార్లు అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. దీనికి యాంటీబయాటిక్ కావాలి, పశువైద్యుడిని అడిగి వాడండి. ఇక్కడ వేడి పెంచితే జబ్బు ఇంకా వేగంగా ముదురుతుంది. ఒంటి నిండా ఉప్పు రేణువుల్లా తెల్ల చుక్కలున్నప్పుడు మాత్రం వేడిని మెల్లగా 29, 30 డిగ్రీలకు పెంచి, గాలి ఎక్కువ ఇచ్చి, మందు వేయాలి. ఆ చుక్కలకు కారణమైన పరాన్నజీవి చేప ఒంటిని విడిచి నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది కాబట్టి చుక్కలు పోయాక కూడా మందు కొన్ని రోజులు కొనసాగాలి. ఈ రెండు జబ్బుల తేడా తెలుసుకోకుండా హీటర్ ముట్టవద్దు. మందు వేసేటప్పుడు ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసేయండి, మందును అదే పీల్చేస్తుంది.

ఆఫ్రికన్ సిక్లిడ్ ఆడచేప దవడ ఉబ్బి, ఏదో నములుతున్నట్టు ఉండి తినకపోతే కంగారు పడకండి. అది గుడ్లను నోట్లో పొదుగుతోంది. దాదాపు మూడు వారాలు అలాగే ఉంటుంది.

పొట్టలో తేడా కనిపిస్తోంది

పొట్ట లోపలికి పోయి, తెల్లటి దారంలా మలం వేలాడుతుంటే పేగుల్లో పరాన్నజీవులున్నాయని అనుమానించాలి. మెట్రోనిడజోల్ అనే మందును మేతలో కలిపి ఇస్తే బాగా పనిచేస్తుంది. మేతే తినని చేపకు నీళ్లలో కలపక తప్పదు.

పొట్ట ఉబ్బితే పైనుంచి చూడండి. పొలుసులు నునుపుగా ఉంటే మలబద్ధకం కావచ్చు. రెండు మూడు రోజులు పస్తు ఉంచితే చాలాసార్లు సర్దుకుంటుంది. పొలుసులు అనాస తొక్కలా పైకి లేచి ఉంటే లోపలి అవయవాలు దెబ్బతిన్నట్టే. 20 లీటర్లకు ఒక చిన్న చెంచా ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్, తినే ఉప్పు కాదు) వాపును కొంత తగ్గిస్తుంది, కానీ ఆ దశలో కోలుకునేవి తక్కువ.

గాయపడి మూల దాక్కుంది

చిరిగిన రెక్కలు, ఊడిన పొలుసులు కనిపిస్తే తొట్టిలో ఏదో చేప దాన్ని తరుముతోంది. భయం తీరనిదే అది తినదు. గాయపడిన దాన్ని వేరే తొట్టిలోకి మార్చండి. ఇరవై లీటర్ల తొట్టి, నడుస్తున్న ఫిల్టర్‌లోంచి తెచ్చిన స్పాంజి, దూరి కూర్చోవడానికి ఒక గొట్టం ముక్క, మసక వెలుతురు చాలు. అయోడిన్ లేని ఉప్పు లీటరుకు 1 గ్రాము చొప్పున కరిగించి పోయండి. ఉప్పుకు తట్టుకునే చేపలకైతే రెండు రోజుల్లో 3 గ్రాముల వరకు పెంచవచ్చు. కోరిడోరాస్, లోచ్ వంటి అడుగున తిరిగే చేపలకు ఉప్పు పడదు.

మొదటి రోజు మేత వద్దు. రెండో రోజు కదిలే మేతతో మొదలుపెట్టండి. బతికున్న ఆర్టీమియా, డాఫ్నియా అనే చిన్న నీటి జీవులు కళ్ల ముందు కదులుతుంటే ముడుచుకున్న చేప కూడా తల తిప్పుతుంది. దొరకకపోతే గడ్డకట్టించిన బ్లడ్‌వర్మ్ (మేతగా అమ్మే ఎర్ర పురుగులు)ను కరిగించి, డ్రాపర్‌తో మూతికి అంగుళం దూరంలో మెల్లగా వదలండి. చూపు పోయిన చేపకు రోజూ ఒకే మూల వేయండి. వాసన పట్టి కొన్నాళ్లకు ఆ మూలకే వస్తుంది. ముట్టనిది అయిదు నిమిషాల్లో తీసేయాలి. గొట్టంతో బలవంతంగా తినిపించడం వైద్యుడి పని, ఇంట్లో చేస్తే గొంతు చీలే ప్రమాదం ఉంది.

తినడం మొదలుపెట్టిన రోజే పాత తొట్టిలోకి వదలకండి. కనీసం వారం పాటు మేత తప్పకుండా తిని, గాయం మానాక, పాత తొట్టిలో రాళ్లు, మొక్కలు చోటు మార్చి అప్పుడు వదలండి. తరిమిన చేప తనదనుకున్న మూల అక్కడ లేకుండా పోతుంది, రెండూ కొత్తగా చోటు వెతుక్కుంటాయి.