పాత స్పోర్ట్స్ కారుకు కొత్త టైరు సైజు ఎలా ఎంచుకోవాలి?

మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపిన మా బాబాయికి ఒక పాత ఎంజీబీ ఉండేది. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లో తయారైన రెండు సీట్ల కారు అది. ఆయన తర్వాత నా చేతికి వచ్చేసరికి టైర్లన్నీ పగుళ్లు పట్టి ఉన్నాయి. దగ్గర్లోని టౌన్‌లో ఒక షాపుకు తీసుకెళ్తే, "ఏం గాదన్నా, పద్నాలుగు ఇంచులే గదా" అంటూ 195/60 ఆర్14 టైర్లు ఎక్కించారు. వెడల్పుగా, చూడ్డానికి బాగున్నాయి. తిరిగి వస్తుంటే వేములపల్లి దాటకముందే స్పీడ్ బ్రేకర్‌కు సైలెన్సర్ గీరుకుంది. నెల తిరక్కుండానే ఆ నాలుగూ తీసేయాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఇంకొకరికి రాకూడదని, తర్వాత నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

మొదట కారుకు కంపెనీ ఇచ్చిన అసలు సైజు ఏదో కనుక్కోండి. ఇప్పుడు కారుకున్న టైరు చూసి రాసుకోవద్దు. ముప్ఫై, నలభై ఏళ్ల కారు ముగ్గురు నలుగురి చేతులు మారి ఉంటుంది. మధ్యలో ఎవరు ఏది దొరికితే అది వేశారో చెప్పలేం. కారుతో వచ్చిన పుస్తకంలోనో, కొన్ని కార్లకు డోరు పక్కన అతికించిన పట్టీ మీదో అసలు సైజు ఉంటుంది.

ఇక ఆ అంకెలను చదవడం. 185/60 ఆర్14 82హెచ్ అనుకుందాం. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం. ఆర్ అంటే రేడియల్, లోపలి దారాలు టైరుకు అడ్డంగా నేరుగా పోయే రకం. 14 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోస్తుంది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది.

పాత కార్ల దగ్గర ఒక చిక్కు ఉంది. మా ఎంజీబీ పుస్తకంలో 165 ఎస్ఆర్ 14 అని మాత్రమే ఉంటుంది, శాతం కనపడదు. ఆ రోజుల్లో రేడియల్ టైరు పక్క గోడ వెడల్పులో దాదాపు 80 నుంచి 82 శాతం ఉండేది, అందుకే దాన్ని ప్రత్యేకంగా రాసేవారు కాదు. మధ్యలో ఉన్న ఎస్ వేగానికి గుర్తు, 180 కిలోమీటర్లు. ఇంకా ముందు కార్లకు 5.60-14 లాంటి సైజులుంటాయి. అవి రేడియల్ కాదు, క్రాస్ ప్లై, అంటే లోపలి దారాలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా పోయే పాత రకం. ఆ రెండు రకాలనూ ఒకే కారుకు కలిపి వేయకండి. మలుపులో ముందు చక్రాలు ఒక తీరుగా, వెనక చక్రాలు ఇంకో తీరుగా పట్టుకుంటాయి, కారు అదుపు తప్పుతుంది.

అసలు లెక్క ఇప్పుడు వస్తుంది. కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసుకోండి. వెడల్పును శాతంతో గుణించి రెట్టింపు చేయండి, ఎందుకంటే పక్క గోడ పైనా ఉంటుంది, కిందా ఉంటుంది. రిమ్ము అంగుళాలను 25.4తో గుణించి దానికి కలపండి. వచ్చేదే టైరు మొత్తం ఎత్తు. మా కారుకు 82 శాతం వేసుకుంటే 165లో 135.3, రెట్టింపు 270.6. రిమ్ము 14 అంగుళాలు అంటే 355.6. రెండూ కలిపి 626 మిల్లీమీటర్లు.

షాపు వాళ్లు వేసిన 195/60 ఆర్14కు ఇదే లెక్క చేస్తే 590 కూడా రాదు. దాదాపు 6 శాతం తక్కువ. అంటే కారు 18 మిల్లీమీటర్లు కిందికి దిగింది, మీటర్ 100 చూపిస్తుంటే అసలు వేగం 94. అదే వేగానికి ఇంజన్ కూడా ఎక్కువ తిరగాలి. సైలెన్సర్ ఎందుకు గీరుకుందో ఇంటికొచ్చి ఈ లెక్క వేశాకే అర్థమైంది. షాపుల్లో సులువుగా దొరికే 175/65 ఆర్14 అయితే ఇంకా చిన్నది, 583. అసలు ఎత్తుకు మూడు శాతానికి మించి తేడా వస్తే ఆ సైజు వదిలేయండి. నేనైతే రెండు శాతం దగ్గరే ఆగుతాను.

ఈ లెక్కలో నిలిచినవి రెండు. 165/80 ఆర్14 ఒకటి, ఎత్తు 620, తేడా ఒక శాతం. పాత స్విఫ్ట్‌లకు వచ్చిన సైజే కాబట్టి మన దగ్గర పెద్దగా వెతకాల్సిన పని లేదు. రెండోది 185/70 ఆర్14, ఎత్తు 615, తేడా రెండు శాతం లోపే.

ఈ రెండింట్లో ఏది అనేది రిమ్ము వెడల్పును బట్టి తేల్చుకోవాలి. చాలామంది రిమ్ము వ్యాసం చూస్తారు గానీ వెడల్పు చూడరు. మా కారు తీగల (స్పోక్స్) చక్రాల రిమ్ము నాలుగున్నర అంగుళాలే. 165/80 టైరుకు నాలుగు నుంచి ఐదున్నర అంగుళాల రిమ్ము పనికొస్తుంది. 185/70కు కనీసం నాలుగున్నర ఉండాలి, అంటే సరిగ్గా అంచు మీద ఉన్నట్టు. 195/60కు ఐదున్నర కావాలి. ఇరుకు రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే పక్క గోడలు లోపలికి ముడుచుకుంటాయి, మలుపులో కారు ఊగుతుంది. ఎంజీబీకి పవర్ స్టీరింగ్ కూడా లేదు, వెడల్పు పెరిగిన కొద్దీ పార్కింగ్‌లో చేతులు నొప్పి పుడతాయి. అందుకే నేను 165/80 తీసుకున్నాను, ఇప్పటికీ అది సరైన నిర్ణయమనే నా నమ్మకం. పాత స్పోర్ట్స్ కారును సన్నటి టైరుకు తగ్గట్టే తయారుచేశారు. ఆ తేలికైన స్టీరింగే దాని అందం.

మీది వేరే కారైనా లెక్క ఇదే. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5కు 185/60 ఆర్14, ఎత్తు 578. పదిహేను అంగుళాల రిమ్ముకు మారాలంటే 195/50 ఆర్15 దాదాపు అంతే ఎత్తు వస్తుంది, 576. 195/55 ఆర్15 అయితే మూడు శాతం దాటిపోతుంది. రెండో తరం టొయోటా ఎంఆర్2 లాంటి కార్లకు ముందు టైరు, వెనక టైరు సైజులే వేరు. వాటిని ఒకటే చేసేయకండి. ఇంజన్ వెనక్కు ఉంది కాబట్టే వెనక వెడల్పు ఎక్కువ ఇచ్చారు.

బరువు, వేగం గుర్తులు అసలు టైరుకున్న దానికంటే తగ్గకూడదు. కారు అసలు బరువు తెలియకపోతే లారీల కాటా మీదికి ఎక్కించండి. మిర్యాలగూడ మిల్లుల దగ్గర కాటాలకు కొదవ లేదు. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, మొత్తం కారు ఎక్కించి ఇంకోసారి తూకం వేస్తే ముందుకెంత, వెనక్కెంత తెలిసిపోతుంది. 165/80 ఆర్14 85టీ టైరు ఒక్కోటి 515 కిలోలు మోస్తుంది, 190 వేగం దాకా పనికొస్తుంది. మా కారుకు అది చాలు.

కొనేముందు మడ్‌గార్డ్ లోపల ఖాళీ చూడండి. నేను చేసిన పద్ధతి ఇది. వీలైతే అదే సైజు టైరు ఒకటి అడిగి తెచ్చి వెనక ఒక పక్క బిగించాలి. మడ్‌గార్డ్ లోపలి అంచుకు జొన్నపిండి ముద్దలు నాలుగైదు అతికించి, ఇద్దరు కూర్చుని స్పీడ్ బ్రేకర్ మీదుగా నెమ్మదిగా పోనివ్వాలి. ముద్ద నలిగితే టైరు తగులుతున్నట్టే. తర్వాత రెండో పక్క కూడా చూడండి. పాత కార్లలో వెనక యాక్సిల్ ఒక పక్కకు కొంచెం జరిగి ఉండొచ్చు.

టైరు కొనేటప్పుడు తయారీ తేదీ మీరే చదవండి. పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. ఈ కార్లు తక్కువ తిరుగుతాయి, బటన్లు అరగకముందే రబ్బరు ముసలిదవుతుంది. మన నల్లగొండ, పాలమూరు ఎండల్లో ఇంకా తొందరగా. ఆరేళ్లు దాటితే ఏటా చూపించుకోవాలి, పదేళ్లు దాటితే బటన్లు ఎంత ఉన్నా తీసేయాలి. ఐఎస్‌ఐ గుర్తు కూడా చూసుకోండి. 2020 జూన్‌లో విదేశీ టైర్ల దిగుమతిపై కేంద్రం ఆంక్షలు పెట్టింది. కాబట్టి ఇక్కడ దొరకని సైజు ఎంచుకుంటే రేపు ఒక్క టైరు పగిలినా టెన్షనే.

తీగల చక్రాలైతే లోపల ట్యూబు తప్పదు, అదీ రేడియల్‌కు సరిపడేది. తీగల మొనలు ట్యూబును పొడవకుండా రిమ్ము లోపల రబ్బరు పట్టీ వేయించండి. గాలి ఎంతో కారు పుస్తకం చూసి కొట్టించండి. టైరు మీద రాసి ఉండే అంకె ఆ టైరు భరించే గరిష్ఠ గాలి, మీరు కొట్టించాల్సింది కాదు.

ఒక పని మాత్రం పాత టైర్లు విప్పకముందే చేయండి. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి, ఖాళీ రోడ్డు మీద మీటర్ 60, 80 చూపించినప్పుడు అసలు వేగం ఎంతో పక్క సీట్లో ఉన్నవారితో రాయించండి. కొత్తవి వేశాక నార్కట్‌పల్లి రోడ్డు మీద నేను మళ్లీ చూసుకున్నాను. ఆ రెండు వరుసల అంకెలూ, టైరు సైజు, గాలి లెక్క అన్నీ ఒకే కాగితం మీద రాసి డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టాను. స్టెప్నీ కూడా 165/80నే.