చలానా కట్టేస్తే అయిపోయినట్టు కాదు: సంక్రాంతి ప్రయాణానికి ముందు సెల్‌ఫోన్ డ్రైవింగ్ జాగ్రత్తలు

ఆటోలు, క్యాబులు, బైక్ ట్యాక్సీలు నడిపేవాళ్లు వీడియోలు చూస్తూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిపితే ఊరుకోమని 2025 అక్టోబరులో హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ హెచ్చరించారు. ఒక చేత స్టీరింగు, ఇంకో చేత ఫోను పట్టుకున్న బస్సు డ్రైవర్ల వీడియోలను వెనక కూర్చున్న ప్రయాణికులే తీసి పెడుతున్నారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2021లో నడుపుతూ ఫోను వాడటం వల్ల 1,997 ప్రమాదాలు జరిగి 1,040 మంది చనిపోయారు. అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువే ఉంటుందని నా నమ్మకం. ఫోను చూస్తూ గుద్దినవాడు చూశానని చెప్పడు, కేసు అతివేగం గడిలో పడిపోతుంది.

సంక్రాంతికి విజయవాడ హైవే ఎక్కేవాళ్లు లక్షల్లో ఉంటారు. పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు, తెల్లవారుజామున మంచు, ‘ఎంతవరకు వచ్చారు?’ అంటూ ఇంటి నుంచి పది ఫోన్లు. నడుపుతూ ఫోను ఎత్తకూడదని అందరికీ తెలుసు కాబట్టి దాని మీద ఎక్కువ రాయను. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది, మెసేజ్ మీద మూడు సెకన్లు చూపు నిలిపితే 66 మీటర్ల రోడ్డు చూడకుండా దాటేసినట్టే. అది చాలు.

ఇక్కడ చెప్పాల్సింది పట్టుబడ్డాక చేసే తప్పు గురించి. ఎక్కువమంది కుటుంబాలను ముంచేది అదే: ‘చలానా కట్టేశాం కదా, ఇంకేముంది’ అనుకోవడం.

ముందు చట్టం ఏమంటుందో

మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 184 ప్రమాదకరమైన డ్రైవింగ్ గురించి చెబుతుంది. 2019 సవరణతో, చేత్తో పట్టుకునే ఫోనును నడుపుతూ వాడటాన్ని కూడా అందులో పేరు పెట్టి చేర్చారు. ఎర్రలైటు దాటడం, రాంగ్ రూట్‌లో రావడం ఉన్న వరసలోనే ఇదీ ఉంది. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

మొదటిసారికి జైలు అన్నది ఇంచుమించు కాగితం మీదే ఉంటుంది. ఎందుకంటే సెక్షన్ 200 కింద కొన్ని నేరాలను కోర్టుకు వెళ్లకుండా డబ్బు కట్టి రాజీ చేసుకోవచ్చు. 184లో ఆ వెసులుబాటు ఉన్నది ఒక్క ఫోను వాడకానికే. ఎంత కట్టాలన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, అందుకే ఆంధ్రలో ఒక మొత్తం, తెలంగాణలో ఒక మొత్తం కనిపిస్తాయి. మన ఫోనుకు వచ్చే ఈ-చలానా ఆ రాజీ సొమ్మే.

మ్యాపు చూడొచ్చా? 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడొచ్చు. అంటే ఫోను స్టాండులో ఉండాలి, ఊరి పేరు బండి కదలకముందే కొట్టి ఉండాలి. మ్యాపు పెట్టుకుని దాని మీదుగా వచ్చిన వాట్సాప్ మెసేజ్ తెరిస్తే ఆ మినహాయింపు పోయినట్టే.

కట్టిన తర్వాత మిగిలేవి

సెక్షన్ 200 చివర్లో రెండు షరతులు ఉన్నాయి. చలానా కట్టేవాళ్లలో వాటిని చదివినవాళ్లు అరుదు.

ఒకటి. రాజీ సొమ్ము కట్టినా ఆ నేరం చేసినట్టుగానే లెక్క. రెండోసారి దొరికినప్పుడు ఇది మొదటిదిగా నిలబడి ఉంటుంది. కట్టిన రోజుతో అది చెరిగిపోదు.

రెండు. రాజీ సొమ్ము కట్టినంత మాత్రాన లైసెన్సు మీద నడిచే చర్య ఆగదు. సెక్షన్ 206(4) కింద పోలీసు అధికారి మీ లైసెన్సు స్వాధీనం చేసుకుని, రద్దు లేదా సస్పెన్షన్ కోసం రవాణా శాఖకు పంపొచ్చు. సెక్షన్ 19 ప్రకారం రవాణా శాఖ లైసెన్సింగ్ అధికారి మీ వాదన విని, మొదటిసారైతే మూడు నెలలు బండి నడపకుండా అనర్హత వేయొచ్చు, మళ్లీ దొరికితే లైసెన్సే రద్దు చేయొచ్చు. ఫోను వాడినవాళ్లకు కనీసం మూడు నెలల సస్పెన్షన్ వేయాలని సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015 ఆగస్టులోనే రాష్ట్రాలకు చెప్పింది. ప్రతి చలానాకూ ఇలా జరగదు, కెమెరా తీసిన చలానాల్లో చాలావరకు డబ్బుతోనే ముగుస్తున్నాయి. కానీ రోడ్డు మీద ఆపి లైసెన్సు తీసుకున్నారంటే మాత్రం వ్యవహారం చలానా దాటి పోయిందని అర్థం.

అప్పుడు చేతికి ఒక చిన్న రసీదు ఇస్తారు. ఫలానా లైసెన్సు, ఫలానా తేదీన, ఫలానా సెక్షన్ కింద తీసుకున్నాం అని అందులో ఉంటుంది. జేబులో ఆ కాగితం ఉంది కదా, ఎవరైనా ఆపితే చూపిస్తాం అని మర్నాడే బండి తీస్తారు. చట్టంలో సూటిగా రాసి ఉంది: లైసెన్సు తిరిగి చేతికొచ్చేదాకా ఆ రసీదు బండి నడపడానికి అనుమతి కాదు. కాదు అంటే కాదు. పాలప్యాకెట్టు కోసం వీధి చివరి దాకా వెళ్లడానికైనా సరే.

చలానా కట్టేశాం కదా అని నడపడం వల్ల వచ్చే నష్టం ఏంటో చూడండి. అనర్హత ఉన్న రోజుల్లో నడిపితే సెక్షన్ 182 కింద మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అది చిన్నది. పెద్దది ఇన్సూరెన్సు. మీ బండి పాలసీ కాగితం తీసి ‘డ్రైవర్ క్లాజ్’ అన్న చోట చదవండి. నడిపేవారికి ప్రమాద సమయంలో చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి, లైసెన్సు పొందకుండా అనర్హత ఉండకూడదు అని ఉంటుంది. చట్టంలో సెక్షన్ 150 కూడా బీమా కంపెనీకి ఇదే ఆయుధం ఇస్తుంది.

ఆ మూడు నెలల్లో ఎవరినైనా గుద్దితే మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ బాధితులకు పరిహారం ఇప్పిస్తుంది. అయితే చాలా కేసుల్లో తీర్పు ఎలా వస్తుందంటే, ముందు కంపెనీ చెల్లించి తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని. సంపాదించే మనిషి చనిపోయిన కేసులో ఆ మొత్తం సులువుగా లక్షలు దాటుతుంది. ఇల్లు, పొలం జప్తు దాకా పోయే దారి ఇది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు యజమానులకు కొంత రక్షణ ఇచ్చింది, తప్పు యజమానిదేనని కంపెనీ రుజువు చేయాలంది. యజమానే అనర్హతలో ఉండి నడిపితే ఆ రక్షణ ఎక్కడిది? మీ సొంత బండి రిపేరు క్లెయిమ్ అయితే ఆశ పెట్టుకోకండి.

వెయ్యి రూపాయల దగ్గర మొదలైన వ్యవహారం ఇక్కడిదాకా రావడానికి కారణం ఒక్కటే, కట్టేశాం కదా అనుకోవడం. తెలంగాణలో 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో ఇంకోసారి పెండింగు చలానాల మీద భారీ రాయితీలు ఇచ్చారు. దాంతో చలానా అంటే డిస్కౌంటు వచ్చేదాకా ఆపుకునే బిల్లు అన్న అలవాటు పడింది. తగ్గేది డబ్బే. నేరం లెక్కలో అలాగే ఉంటుంది.

చలానా వచ్చిన రోజు

మెసేజ్‌లో లింకు నొక్కొద్దు. వాట్సాప్‌లో ‘ఆర్టీవో చలాన్’ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు అసలే తెరవొద్దు, అది బ్యాంకు ఖాతా ఖాళీ చేసే దొంగ యాప్. తెలంగాణ పోలీసు ఈ-చలాన్ సైటుకో, కేంద్ర పరివాహన్ పోర్టల్‌కో మీరే వెళ్లి బండి నంబరు కొట్టండి.

ఫొటో పెద్దది చేసి చూడండి. నంబరు ప్లేటు మీదేనా, చేతిలో ఉన్నది ఫోనేనా, నడుపుతున్నది ఎవరు. చెంప మీద చెయ్యి పెట్టుకున్నా ఫోనులా కనిపించే ఫొటోలు ఉంటాయి. తప్పుడు చలానా అయితే కట్టకండి, అక్కడే ఫిర్యాదు పెట్టండి. పోనీలే వెయ్యే కదా అని కట్టారంటే చేయని నేరం మీ ఖాతాలో పడుతుంది, మూడేళ్లలోపు వచ్చే తర్వాతి చలానా రెండోసారిగా మారుతుంది.

బండి మీ పేరున ఉండి నడిపింది అబ్బాయో, డ్రైవరో అయితే వాళ్ల వివరాలు ఇవ్వండి. అధికారి అడిగినప్పుడు చెప్పడం సెక్షన్ 133 ప్రకారం యజమాని బాధ్యత.

పోలీసులు మీ లైసెన్సు తీసేసుకున్నారా? రసీదు ఫొటో తీసి పెట్టుకోండి. నోటీసు వస్తే విచారణకు వెళ్లండి, వెళ్లకపోతే మీ మాట వినేవాళ్లు ఉండరు. ఆర్డరు చేతికొచ్చిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. సస్పెన్షన్ గడువు ముగిసినా లైసెన్సు దానంతట అది ఇంటికి రాదు, రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేయాలి. పరివాహన్‌లో లైసెన్సు నంబరు, పుట్టినతేదీ కొట్టి స్టేటస్ చూసుకున్నాకే తాళం చేతిలోకి తీసుకోండి.

మిగతావి

హెల్మెట్‌లో ఫోను దూర్చొద్దు. చెంపకూ లోపలి ప్యాడుకూ మధ్య ఫోను పట్టాలంటే హెల్మెట్ పైకి లేచి కూర్చుంటుంది, గడ్డం కింద పట్టీ బిగించలేరు. పడితే ముందు ఎగిరిపోయేది హెల్మెట్టే. పట్టీ పెట్టని హెల్మెట్ చట్టం దృష్టిలో లేనట్టే, దానికి సెక్షన్ 194డీ కింద 1,000 రూపాయలతో పాటు మూడు నెలల అనర్హత వేరే.

బ్లూటూత్ ఉంటే తప్పించుకున్నామని అనుకోవద్దు. 184లోనే ‘జాగ్రత్తగల డ్రైవరు స్థాయికి చాలా తక్కువగా నడపడం’ అన్న మాట ఉంది, గుద్దాక దాని కింద కేసు పెట్టొచ్చు.

సిగ్నల్ దగ్గర ఫోను తీయొద్దు. కెమెరాలు ఎక్కువగా ఉండేదే అక్కడ.

టోల్‌గేట్ లైన్లో ఫాస్టాగ్ బ్యాలెన్సు చూడొద్దు. ముందురోజే వేసుకోండి.

ప్రమాదం జరిగాక ఫోనులో కాల్స్ చెరిపేయొద్దు. ఫోను కంపెనీ దగ్గర కాల్ రికార్డు ఉంటుంది, ఏ నిమిషంలో మాట్లాడుతున్నారో పోలీసులు తెప్పించుకుంటారు. మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల దాకా జైలు, దానికి చలానా ఉండదు.

డెలివరీ, క్యాబ్ నడిపేవాళ్లు ఆర్డరు బండి ఆపాకే ఒప్పుకోండి. జరిమానా ఒక రోజు సంపాదన, సస్పెన్షన్ మూడు నెలల సంపాదన.

పిల్లలకు బండి ఇవ్వొద్దు. పద్దెనిమిది నిండనివారు దొరికితే సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

ట్రాఫిక్ పోలీసు, రవాణా శాఖ ఉద్యోగులూ వినండి. చట్టం అమలు చేసేవారే తప్పు చేస్తే సెక్షన్ 210బీ కింద శిక్ష రెట్టింపు.

బ్రిటన్‌లో చదువుకుంటూ అక్కడే లైసెన్సు తీసుకున్న పిల్లలకు ఇది పంపండి: అక్కడ ఫోను చేత్తో పట్టుకుంటే 200 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పెనాల్టీ పాయింట్లు. టెస్టు పాసై రెండేళ్లు కాకపోతే ఆ ఆరుతోనే లైసెన్సు పోతుంది.

లైసెన్సు సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు ఈ పండక్కి బస్సెక్కండి. చలానా కట్టినా సరే. ఒరిజినల్ కార్డు ఇంట్లోనే ఉన్నా సరే, అనర్హత పోర్టల్‌లో నమోదై ఉంటుంది. రాత్రి పూట ఎవరూ చూడరని బావగారి కారు తీయకండి, తెలిసీ ఇచ్చినందుకు ఆయన మీద కూడా కేసవుతుంది.

దారిలో ఇంటి నుంచి వచ్చే ఫోను పక్క సీట్లో ఉన్నవాళ్లు ఎత్తాలి. పక్కన ఎవరూ లేకపోతే మోగనివ్వండి. బయల్దేరేటప్పుడే చెప్పండి: సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు నేనే చేస్తాను, ఈలోగా చేయకండి.