భద్రతా కమాండ్ సెంటర్ పాఠాలు – 3: అలర్ట్ వచ్చాక ఏం చూడాలి?

కిందటి పాఠంలో లాగ్‌లు (యంత్రాల్లో ఎప్పుడేం జరిగిందో వాటంతటవే రాసుకునే నమోదులు) ఎక్కడెక్కడి నుంచి వస్తాయో, అన్ని యంత్రాల్లోనూ టైమ్ ఒకేలా ఉండటం ఎందుకు ముఖ్యమో చూశాం. ఆ లాగ్‌లన్నిటినీ ఒకచోట చేర్చి అనుమానించదగ్గవి వెతికే సీమ్ (SIEM) సాఫ్ట్‌వేర్ జల్లెడ పట్టి ఒక అలర్ట్ ఇచ్చిందనుకోండి. అక్కణ్ణుంచి పని షిఫ్ట్‌లో ఉన్న మనిషిది.

ఉదాహరణకు, రాత్రి 2:14కి పేరోల్ (జీతాల లెక్కల) సర్వర్ మీద 4625 నంబరు ఈవెంట్లు వరసగా పడ్డాయనుకోండి. విండోస్ లాగ్‌లో 4625 అంటే లాగిన్ విఫలమైందని. కొత్తగా చేరినవాళ్లు చాలామంది "ఎవరో పాస్‌వర్డ్ మర్చిపోయుంటారు" అనుకుని టికెట్ (ఆ అలర్ట్ మీద తెరిచిన నమోదు) మూసేస్తారు. తొందరపడొద్దు. ముందు ఆ ప్రయత్నాలన్నీ ఒక్క ఖాతా మీదేనా, చాలా ఖాతాల మీదా అన్నది చూడండి. ఒక్కటే అయితే నిజంగానే మర్చిపోయి ఉండొచ్చు, లేదా పాత పాస్‌వర్డ్‌తో ఏదో ప్రోగ్రామ్ నడుస్తూ ఉండొచ్చు. ఒక్కో ఖాతాకి ఒకటి రెండుసార్లు మాత్రమే ప్రయత్నిస్తూ పదుల ఖాతాలు తడుముతుంటే మాత్రం అది పాస్‌వర్డ్ స్ప్రేయింగ్. ఏ ఖాతా లాక్ కాకూడదనే అలా కొద్దికొద్దిగా ప్రయత్నిస్తారు.

ఆ వెంటనే 4624 కోసం వెతకండి. అంటే లాగిన్ కుదిరిందన్నమాట. అన్ని వైఫల్యాల కన్నా వాటి వెనక వచ్చిన ఆ ఒక్క 4624 ఎక్కువ ప్రమాదం. అందులో లాగాన్ టైప్ 10 అని ఉంటే రిమోట్ డెస్క్‌టాప్‌లోంచి, అంటే ఇంకో కంప్యూటర్ నుంచి దీన్ని నడుపుతూ వచ్చారని అర్థం. తర్వాత 4720 ఉంటే కొత్త ఖాతా సృష్టించారు. 1102 ఉంటే ఇవన్నీ నమోదయ్యే ఆడిట్ లాగ్‌నే చెరిపేశారు. 1102కి ముందే తెలిసిన కారణం లేకపోతే ఇంకేం చూడకుండా పైవాళ్లకు ఫోన్ చేయండి.

ఇక పెద్ద సంస్థల కమాండ్ సెంటర్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. ఎవరి ఖాతాతో లాగిన్ కుదిరిందో ఆ ఉద్యోగి సాయంత్రం 6:40కి కార్డు గీసి బయటికెళ్లినట్టు డోర్ లాగ్‌లో ఉంది, తిరిగి రాలేదు. లాగిన్ మాత్రం ఆఫీసు లోపలి కంప్యూటర్ నుంచే జరిగింది. సర్వర్ లాగ్ ఒక్కటే చూస్తే లోపలి కంప్యూటరే కదా అనిపిస్తుంది. డోర్ లాగ్ ఒక్కటే చూస్తే ఇంటికెళ్లారు కదా అనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఉంటేనే తేడా బయటపడుతుంది.

బయటపడ్డాక కూడా పని పూర్తి కాదు. 2013లో అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్‌లో మాల్‌వేర్‌ను (హాని చేసే ప్రోగ్రామ్‌ను) ఫైర్‌ఐ అనే భద్రతా సంస్థ పరికరం నవంబరు 30నే పట్టుకుంది, డిసెంబరు 2న మళ్లీ హెచ్చరించింది. బెంగళూరులోని బృందం చూసి మినియాపొలిస్‌లోని కేంద్రానికి తెలియజేసింది. అక్కడ ఎవరూ కదల్లేదు. డిసెంబరు 12న అమెరికా న్యాయశాఖ చెప్పాక, 15న గానీ మాల్‌వేర్‌ను తీసేయలేదు. ఈలోపు సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు ప్రమాదంలో పడ్డాయి. యంత్రం తన పని తాను చేసింది. చేతులు మారే చోట కబురు ఆగిపోయింది.

అందుకే పైకి పంపే నోట్ రాయడం మీద నేను ఇంత పట్టుబడతాను. "అనుమానాస్పదంగా ఉంది, దయచేసి చూడండి" అని రాస్తే అవతలివాళ్లు పొద్దున చూద్దాంలే అనుకుంటారు. ఇలా రాయండి:

"02:14 నుంచి 02:21 వరకు పేరోల్ సర్వర్‌పై 63 ఖాతాలకు విఫల లాగిన్లు, అన్నీ ఒకే లోపలి కంప్యూటర్ నుంచి. 02:22కి ఒక ఖాతాతో లాగిన్ కుదిరింది, టైప్ 10. ఆ ఉద్యోగి 18:40కే బయటికెళ్లారు. ఖాతా నిలిపేసి, ఆ కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి తప్పించడానికి అనుమతి కావాలి. 10 నిమిషాల్లో జవాబు రాకపోతే మళ్లీ ఫోన్ చేస్తాను."

చివరి రెండు వాక్యాలూ చూడండి. ఏం కావాలో, ఎప్పటిలోగా కావాలో స్పష్టంగా ఉంది. అసలు ఖాతా నిలిపేసే అధికారం రాత్రి షిఫ్ట్‌కి ముందే రాతపూర్వకంగా ఇచ్చేయాలన్నది నా అభిప్రాయం. పొరపాటున ఆపితే ఒక ఉద్యోగికి గంటసేపు ఇబ్బంది, ఆపకపోతే నష్టం ఎంతవరకు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు.

అభ్యాసం: ఒకే ఖాతా. సరిగ్గా 15 నిమిషాలకోసారి ఒక 4625, పగలూ రాత్రీ. లాగాన్ టైప్ 4 (మనిషి కాకుండా బ్యాచ్ పని చేసే లాగిన్). 4624 ఒక్కటీ లేదు. ఆ ఖాతా పాస్‌వర్డ్ నిన్ననే మార్చారు. ఇదేమై ఉంటుంది? ఎవరిని అడిగి నిర్ధారించుకుంటారు? నోట్ ఐదు వాక్యాలు దాటకుండా రాయండి. జవాబు 4వ పాఠం మొదట్లో.